మూడు రోజులు దాటాక లాగేది ఒళ్లా, మనసా?

రాత్రిడ్యూటీ:
రోజుకో పెట్టె చొప్పున పదకొండేళ్లు సిగరెట్లు తాగాను. మానేసి ఇవాళ్టికి 26 రోజులు. నికోటిన్ మూడు రోజుల్లో ఒంట్లోంచి దాదాపు పోతుందంటారు కదా, మరి ఈ యావ ఎక్కణ్ణుంచి వస్తోంది? మా ఫ్రెండ్ ఏమంటాడంటే, మిగిలిందంతా నీ మనసు బలహీనతే, గట్టిగా అనుకుంటే పోతుంది, మానడానికి వాడే నికోటిన్ గమ్‌లూ, ఒంటికి అంటించుకునే ప్యాచ్‌లూ దండగ అని. ఒప్పుకోబుద్ధి కావట్లేదు, ఎదురు చెప్పడానికి మాటా దొరకట్లేదు.

ఒక్కదెబ్బ:
మీ ఫ్రెండ్ కరెక్ట్. నేను ఒక్కరోజులో ఆపేశా, ఆరేళ్లయింది. కొద్దికొద్దిగా తగ్గిస్తానన్నవాళ్లు నాకు తెలిసి ఒక్కరూ మానలేదు. 2016లో బ్రిటన్‌లో దాదాపు 700 మందితో చేసిన పరిశోధనలోనూ అంతే, ఒక్కసారిగా ఆపినవాళ్లలో 49 శాతం నాలుగు వారాలు నిలబడ్డారు, తగ్గిస్తూ వచ్చినవాళ్లలో 39. మొండితనం కావాలి, అంతే.

పాతపాపి:
సగమే చెప్పి ఊరుకున్నారు. ఆ పరిశోధనలో రెండు గుంపులకీ ప్యాచ్‌ల లాంటివి ఇచ్చారు, నర్సుల కౌన్సెలింగ్ కూడా ఉంది. అంటే అది ఉత్త మొండితనం మీద చేసిన పరీక్ష కాదు. పైగా ఆరు నెలలకి ఆ 49 కాస్తా 22కి దిగింది.

నేనూ మొదటిసారి మొండిగానే ఆపా. నాలుగో నెలలో ఒకరోజు ఫోన్ మోగింది, ఎత్తి మాట్లాడుతూనే ఉన్నా, చూస్తే నా ఎడం చెయ్యి చొక్కా జేబు తడుముతోంది. సిగరెట్ గుర్తుకు కూడా రాలేదు అప్పటికి! చెయ్యికి గుర్తుంది. రాత్రిడ్యూటీ గారూ, మీ లెక్క వేసి చూడండి. రోజుకి 20 సిగరెట్లు, ఒక్కోదానికి పది దమ్ములనుకుంటే రోజుకి 200, పదకొండేళ్లకి ఎనిమిది లక్షలు. దమ్ము లాగిన పది ఇరవై సెకన్లలో నికోటిన్ మెదడుకి చేరుతుంది, అంటే ఎనిమిది లక్షల సార్లు ఫోన్‌కీ, గొడవకీ, పని అయిపోవడానికీ దాన్ని ముడి వేస్తూ వచ్చారు. దాన్ని బలహీనత అంటారా? అది బాగా వచ్చిన పాఠం. ఒట్టు పెట్టుకుంటే పాఠం మర్చిపోతామా? ఫోన్ మోగిన ప్రతిసారీ సిగరెట్ లేకుండా గడిస్తే, అలా కొన్ని వందల సార్లు గడిస్తే, అప్పుడు ఆ ముడి వదులవుతుంది. యావ వచ్చినప్పుడు దానితో వాదించకండి. కొన్ని నిమిషాల్లో అదే దిగిపోతుంది, ఆ కాసేపు ఎప్పుడూ సిగరెట్ తాగని చోటికి వెళ్లి నిలబడండి.

అసలు ఒళ్లా మనసా అనే గొడవే నాకు అర్థం కాదు. మెదడు ఒంట్లోదే కదా.

కొత్తగామానినవాడు:
మధ్యలో వస్తున్నందుకు సారీ. నాకు యావ కంటే టెన్షన్ ఎక్కువ. తొమ్మిది రోజుల్నుంచి ఇంట్లో అందరి మీదా అరుస్తున్నా. సిగరెట్ ఉంటేనే నేను మంచివాణ్ణేమో అనిపిస్తోంది.

పాతపాపి:
కాఫీ ఎన్నిసార్లు తాగుతున్నారు? పొగ తాగేవాళ్ల లివర్ కెఫీన్‌ని తొందరగా వదిలించేస్తుంది. పొగ ఆగాక అదే కప్పు ఒంట్లో చాలాసేపు ఉండిపోతుంది. గుండె దడా, నిద్ర పట్టకపోవడమూ సిగరెట్ లేకే అనుకుంటాం. సగానికి తగ్గించి చూడండి. 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో 26 అధ్యయనాలు కలిపి చూశారు, మానిన ఆరు వారాలు, అంతకు పైన చూస్తే ఆందోళన, దిగులు తాగే రోజులకంటే తగ్గాయి. మీది ఇంకా తొమ్మిదో రోజే. దిగులు మరీ ఎక్కువైతే మాత్రం ఆగకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

ఒక్కదెబ్బ:
సరే, ప్యాచ్ దండగ అనను. కానీ "ఒక్క దమ్మే కదా" అన్న మాటకి మాత్రం మొండితనమే మందు. దానికి పాఠాలూ ముడులూ చెప్తూ కూర్చుంటే ఈలోపు వెలిగించేస్తారు.

పాతపాపి:
అది ఒప్పుకుంటా. నేను రెండోసారి మొదలుపెట్టింది ఒక్క దమ్ముతోనే. ఆ తర్వాత "ఎలాగూ పోయింది" అని పెట్టె కొన్నా, చూడండి, అదీ నా ఘనత. ఆ రెండో ఆలోచనే ముంచింది.

రాత్రిడ్యూటీ:
నాకు పని మధ్యలో మెట్ల కింద నిలబడి తాగడం అలవాటు. మానేశాక కూడా రోజూ విరామానికి అక్కడికే వెళ్తున్నా, ఊరికే నిలబడి వస్తున్నా! ఇది రాస్తుంటేనే తట్టింది. ఈ రాత్రి పై అంతస్తుకి పోతా.