ఇర్వింగ్ మెఫిస్టోఫిలిస్ చిత్రం: ఆ ఎరుపు ఏ వెలుతురులో వేయాలి? (చర్చ; ప్రతి భాగం పైన ఉన్నది రాసినవారి మారుపేరు)

కాన్వాసు
1885 డిసెంబరు 19న లండన్ లైసియం థియేటర్లో ‘ఫౌస్ట్’ మొదలైంది. జర్మన్ కవి గోథే నాటకం మొదటి భాగాన్ని డబ్ల్యూ.జి.విల్స్ ఇంగ్లిషు రంగస్థలానికి మలిచాడు. సైతాను మెఫిస్టోఫిలిస్‌గా నటుడు హెన్రీ ఇర్వింగ్, మార్గరెట్‌గా ఎలెన్ టెర్రీ. ఆ వేషంలో ఇర్వింగ్ నిలువెత్తు తైలవర్ణ చిత్రం వేయాలంటే హాల్లో కూచున్న ప్రేక్షకుడికి కనిపించినట్టే వేయాలని నా వాదన. కిటికీ వెలుతురులో నిలబెట్టి వేస్తే ఎర్ర బట్టలు తొడుక్కున్న పెద్దమనిషి వస్తాడు, సైతాను రాడు. కాదనేవాళ్లు కారణాలతో రండి.

గ్యాసుదీపం
ఒప్పుకుంటా. కానీ ఏ దీపం కింద కనిపించాడో ముందు తేల్చాలి. లండన్‌లోనే ఉన్న సావోయ్ థియేటర్ 1881లోనే కరెంటు దీపాలకు మారింది. ఇర్వింగ్ మాత్రం గ్యాసు, లైమ్‌లైట్ల మనిషి. రంగస్థలం అంచున ఉండే ఫుట్‌లైట్లు కింది నుంచి కొడతాయి. గడ్డం కింద, ముక్కుపుటాల కింద, కనుబొమల గట్టు అడుగున వెలుగు పడుతుంది, నుదురు నీడలోకి పోతుంది. ఇర్వింగ్‌ది అసలే సన్నటి, పొడవాటి ముఖం. పై నుంచి ఎడమ పక్కగా వెలుగు వేసే స్టూడియో అలవాటుతో ఇదంతా పోతుంది.

లైమ్‌లైట్ అంటే ఆక్సిజన్, హైడ్రోజన్ మంటలో సున్నపు కడ్డీ కాలితే వచ్చే తెల్లటి వెలుగు. కడ్డీని ఆపరేటరు కొద్ది నిమిషాలకోసారి తిప్పుతూ ఉండాలి. లేకపోతే మంట తగిలినచోట గుంట పడి వెలుగు తగ్గుతుంది, మంట వెనక్కి తిరిగి లెన్సు పగలొచ్చు కూడా. దాని ముందు రంగు అద్దం పెట్టేవారు. చిత్రకారులు బోల్తా పడేది ఇక్కడే. ఎర్ర అద్దం పెడితే ఎర్ర బట్ట మీద మడతలు మాయమవుతాయి, తెలుపూ ఎరుపూ ఒకేలా వెలుగుతాయి. ఆకుపచ్చ అద్దం పెడితే అదే బట్ట నల్లబడుతుంది. కాబట్టి “నరకం కదా” అని ఎర్ర వెలుగులో ఎర్ర దుస్తులు వేస్తే మిగిలేది చదునైన మరక. దుస్తుల మీద తెల్ల లైమ్‌లైట్, వెనకాల తెర మీద ఆకుపచ్చ పెట్టి చూడండి.

నలుపుమీదనలుపు
మీ ఇద్దరూ చిత్రాన్ని ఫోటో అనుకుంటున్నారు. టెన్నిసన్ ‘క్వీన్ మేరీ’ నాటకంలో ఇర్వింగ్ వేసిన స్పెయిన్ రాజు రెండో ఫిలిప్ వేషాన్ని చిత్రకారుడు విస్లర్ 1876లో చిత్రించాడు. ఇప్పుడది న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. దానికి ఆయన పెట్టిన పేరే ‘అరేంజ్‌మెంట్ ఇన్ బ్లాక్’. ఫుట్‌లైట్ల లెక్క అందులో వెతికితే దొరకదు, నలుపు మీద నలుపు, ఆ నిలబడ్డ తీరు, అంతే. మనిషి మాత్రం కళ్లకు కడతాడు. ఇక 1888లో చిత్రకారుడు సార్జెంట్ వేసిన ఇర్వింగ్ చిత్రాన్ని ఇర్వింగే నాశనం చేశాడు. చిత్రం కోసం కూర్చున్నవాడికే నచ్చని నిజం హాల్లోవాడికి ఎందుకు?

కుంచెపని
వాదన ఎటు తేలినా రంగులు సరిగా పడకపోతే దండగ. మెఫిస్టోఫిలిస్ దుస్తులేమిటో గోథేనే రాశాడు: బంగారు అంచు ఎర్ర దుస్తులు, బిరుసు పట్టుతో భుజాల మీది చిన్న పైబట్ట, టోపీకి కోడిపుంజు ఈక, పొడవాటి మొనదేరిన కత్తి. బిరుసు పట్టుకు మడతలు కోణాలుగా విరగాలి, మెరుపు అంచు పదునుగా, కాస్త చల్లగా ఉండాలి. ఉన్నిలా మెత్తగా కలిపేస్తే ఆ బిరుసు రాదు.

ముందు ముడి అంబర్ (raw umber) అనే మట్టి గోధుమ రంగుతో పలచటి పూత. దాని మీద నూనె తక్కువగా కాడ్మియం ఎరుపు, వెలుగుచోట కొద్దిగా తెలుపు. ఒకటి రెండు వారాలు బాగా ఆరనివ్వాలి. తర్వాత క్వినాక్రిడోన్ ఎరుపుతో గ్లేజు (అడుగు రంగు కనిపించే పలచటి పూత), 1 పాలు రంగుకి 3 నుంచి 4 పాళ్లు మీడియం (రంగును పలచబరిచే నూనె మిశ్రమం). కింది పొరలో నూనె తక్కువ, పై పొరలో ఎక్కువ ఉండాలి. తిరగేస్తే పై పొర ముందు ఆరి గట్టిపడుతుంది, కింది పొర ఇంకా కదులుతూ దాన్ని చీలుస్తుంది.

విక్టోరియన్ పద్ధతే కావాలని అలిజరిన్ క్రిమ్సన్ వాడకండి. పలచగా వేసినా, తెలుపుతో కలిపినా వెలిసిపోతుంది. అసలు వర్మిలియన్ పాదరసం సమ్మేళనం. విషమే కాక వెలుతురుకు నల్లబడే గుణం ఉంది. నీడల్లో బిటుమెన్ (తారులాంటి గోధుమ రంగు) ముట్టుకోవద్దు. అది ఎప్పటికీ పూర్తిగా ఆరదు, మొసలి చర్మంలా పగులుతుంది. ఆ కాలం చిత్రాలు చాలావాటిని పాడుచేసింది అదే. ఎరుపు నీడకు నలుపు కలిపితే మురికి గోధుమ రంగు వస్తుంది, క్వినాక్రిడోన్‌లో విరిడియన్ ఆకుపచ్చ కొద్దికొద్దిగా కలుపుతూ పోండి.

తెరచాటు
ఒక్క మాట. చాలామంది ఈ వేషం చుట్టూ నిప్పురవ్వలు చల్లేస్తారు. లైసియంలో రవ్వలు వచ్చింది ద్వంద్వయుద్ధంలో, కత్తులు తగిలిన క్షణంలోనే. థియేటర్ మేనేజరు బ్రామ్ స్టోకర్ రాసిపెట్టిన ఏర్పాటు ఇది: కరెంటు తీగల రెండు కొసలుగా నేలకు రెండు ఇనుప పలకలు స్క్రూలతో బిగించారు. ఇద్దరు కత్తివీరుల కుడి బూట్లు వాటిమీద ఉండాలి. బూటు నుంచి బట్టల లోపలగా తీగ రబ్బరు గ్లోవు పైదాకా, అరచేతిలో ఉక్కు ముక్క, దానికి ఆనుకుని కత్తి పిడి. కాలు పలక దాటిందా, రవ్వ లేదు. కాబట్టి ఉత్త చేత్తో కత్తి పట్టించి రవ్వలు వేస్తే, “ప్రేక్షకుడు చూసినట్టే” అనే కాన్వాసు గారి వాదన అక్కడే కూలుతుంది.

కాన్వాసు
కూలదు, ఇంకా బలపడుతుంది. కుడి బూటు నేలకు అంటి, గ్లోవు కనిపించాలని మీరే చెప్పారు, అదీ చూసి వేయాల్సిందే. విస్లర్ ఫిలిప్‌కి నలుపు చాలింది, ఆ పాత్రే అలాంటిది. మెఫిస్టోఫిలిస్‌కి కింది వెలుగు తీసేస్తే ఏం మిగులుతుంది?

నలుపుమీదనలుపు
ఇర్వింగ్ మిగులుతాడు.

గ్యాసుదీపం
గొడవ ఎటుపోయినా వేసేవాళ్లకు ఇది పనికొస్తుంది. మోడల్‌కు నేలమీద 2700 కెల్విన్ పసుపు దీపాలు, 4, 5 అడుగుల దూరంలో. భుజం వెనక పై నుంచి ఒక తెల్ల దీపం. మీ పాలెట్ మీద, కాన్వాసు మీద మాత్రం పగటి వెలుతురులాంటి 5000 కెల్విన్ తెల్ల దీపం, మోడల్ దీపాల వెలుగు వాటిమీద పడకుండా అడ్డు పెట్టి. పసుపు వెలుగులోనే రంగులు కలిపితే మర్నాడు పగటిపూట మొత్తం వేరే బొమ్మ కనిపిస్తుంది. ఈక చివర్లో వేయండి, నుదుటి మీద నీడ తేలాక.