మా నాన్న ముందు సీట్లో కూర్చుంటే ఆంప్ ఆగిపోతోంది

పటమట స్విఫ్ట్:

హెడ్డింగు చూసి నవ్వుకుంటే నవ్వుకోండి, సమాధానం మాత్రం చెప్పి వెళ్లండి.

బండి 2013 స్విఫ్ట్, డీజిల్. డ్రైవరు పక్క సీటు కింద నాలుగు ఛానళ్ల ఆంప్ (స్పీకర్లకి సౌండు పెంచే యాంప్లిఫయరు) ఉంది. రెండు ఛానళ్లు ముందు తలుపుల్లో స్పీకర్లకి, మిగతా రెండూ బ్రిడ్జి చేసి, అంటే ఒక్కటిగా కలిపి, డిక్కీలో బాస్ కోసం పెట్టిన పది అంగుళాల సబ్ ఊఫర్‌కి. బిగించి ఏడాదిన్నర అయింది. మొన్న ఏప్రిల్ దాకా దాన్ని ఒక్క మాట అనడానికి లేదు.

నాది విజయవాడ వస్త్రలతలో చిన్న బట్టల కొట్టు. పటమట నుంచి వన్‌టౌన్‌కి రోజూ ఒక్కణ్ణే వెళ్లొస్తా. ఎంత సౌండు పెట్టినా ఏమీ కాదు. శనివారం మాత్రం నాన్నని గుంటూరు బ్రాడీపేటలో ఉన్న మా అక్క ఇంటికి తీసుకెళ్తా. ఆయన ఎక్కిన రోజే ఇది మొరాయిస్తుంది. బెంజి సర్కిల్ దాటేలోపు ఒకసారి, కృష్ణ మీద వారధి అతుకుల దగ్గర బండి దడదడలాడినప్పుడు ఇంకోసారి, టప్‌మని ఆగిపోతుంది. సీటు కిందకి వంగి చూస్తే పచ్చ లైటు పోయి ఎర్ర లైటు వెలుగుతూ ఉంటుంది. స్టీరియోలో పాట టైము కదులుతూనే ఉంటుంది, స్పీకర్లలో చప్పుడు ఉండదు. ఆపి మళ్లీ ఆన్ చేస్తే ఒక నిమిషం పాడి మళ్లీ అంతే.

నాన్న రిటైర్డ్ ఆర్టీసీ కండక్టరు. "బస్సులో నేను విజిలేస్తే బండి ఆగేది. ఇప్పుడు ఎక్కి కూర్చుంటే చాలు, నీ డబ్బా ఆగిపోతోందిరా" అని ఒకటే నవ్వు.

ఇక్కడే ఒక షాపులో చూపించా. మూతైనా విప్పకుండా "బోర్డు పోయింది సార్, కొత్తది వేసుకోండి" అన్నాడు. అప్పుడది శుభ్రంగా పాడుతోంది, అతనూ వింటున్నాడు!

నా దగ్గర మూడొందల రూపాయల మీటరు ఉంది. బ్యాటరీ దగ్గర ఇంజను ఆపితే 12.5 వోల్టులు, స్టార్టు చేస్తే 14.1. ఆంప్ మీద ఉన్న రెండు 25 ఆంపియర్ల ఫ్యూజులూ బాగానే ఉన్నాయి. ఇక ఎక్కడ వెతకాలి?

ఏలూరు రోడ్ బాస్:

వేడి బ్రదర్, ఇంకేమీ కాదు. మన ఊరి మే నెల ఎండలకి, అందులోనూ సీటు కింద, కార్పెట్టు మధ్యలో. గాలి ఆడకపోతే ఏ ఆంప్ అయినా ప్రొటెక్ట్‌లోకి పోతుంది, అంటే తనను తాను కాపాడుకోడానికి ఆగిపోతుంది. డిక్కీలోకి మార్చేయండి.

పటమట స్విఫ్ట్:

నేనూ ముందు అదే అనుకున్నా అన్నా. కానీ పోయిన వారం సాయంత్రం ఏడింటికి, ఏసీ వేసుకుని వెళ్లాం. ఆగిన వెంటనే చెయ్యి పెట్టి చూస్తే గోరువెచ్చగా ఉందంతే. పైగా మధ్యాహ్నం రెండింటికి ఎండలో పెట్టిన బండి తీసి ఒక్కణ్ణే వెళ్తే ఏమీ కాదు.

నల్లపాడు నాని:

ఆంప్ ఎర్త్ (మైనస్ వైరు) ఎక్కడ కలిపారండీ? సీటు బోల్టుకే బిగించి ఉంటారు, చాలామంది చేసే పని అదే. ఆ బోల్టు కింద పెయింటు ఉంటుంది, పైగా సీటు మీద బరువు పడ్డప్పుడల్లా కదులుతుంది. మీ నాన్నగారి బరువుకి ఎర్త్ లూజవుతోందని నా డౌటు. పాట సౌండుగా పెట్టి, మీటరు ఒక కొస బ్యాటరీ మైనస్‌కి, రెండో కొస ఆంప్ ఎర్త్ స్క్రూకి పెట్టి చూడండి. 0.1, 0.2 వోల్టులు ఉంటే పర్లేదు. అంతకు మించితే మీ ఎర్త్ ఎర్త్ కాదు.

పటమట స్విఫ్ట్:

నానీ గారూ, పట్టుకున్నారు! సీటు బోల్టుకే ఉంది. చూస్తే 0.6 వచ్చింది. బాస్ కొట్టినప్పుడల్లా ఇంకా పెరుగుతోంది. కార్పెట్టు ఎత్తి, బాడీ రేకు మీద చోటు చూసుకుని పెయింటు గీకి, కొత్త బోల్టు వేసి బిగించా. కింద బ్రేకు పైపుగానీ ఇంకేదైనాగానీ ఉందేమో చూసుకునే డ్రిల్ వేశాను లెండి. ఇప్పుడు 0.08. బాస్ కూడా మునుపటికన్నా గట్టిగా కొడుతోంది.

సంబరంగా శనివారం నాన్నని ఎక్కించా. రామవరప్పాడు వైపు ఒక చుట్టు తిరిగేలోపే ఆగిపోయింది. నాన్న ఏమీ అనలేదు, నా మొహం చూసి కిటికీ వైపు తిరిగి నవ్వుకున్నారు.

అరండల్‌పేట మాస్టారు:

బాబూ, నేను ముప్పై ఏళ్లకు పైగా రేడియోలూ టీవీలూ బాగుచేసిన వాణ్ణి. ఇప్పుడు చూపు ఆనక మానేశా, మీ గొడవలు చదువుతూ కాలక్షేపం చేస్తున్నా. నాని చెప్పిన ఎర్త్ సంగతి సరైనదే, అది ఎలాగూ చేయాల్సిన పని. కానీ నీ రోగం వేరు. ఎర్త్ బాగాలేకపోతే నువ్వు ఒంటరిగా వెళ్లినా బాస్ కొట్టినప్పుడు తెలియాలి కదా.

ఎర్ర లైటు అంటే ఆంప్ చెడిపోయిందని అర్థం కాదు. "నాకేదో ముప్పు కనిపించింది, అందుకే ఆగాను" అని అది చెప్తోంది. ఆ ముప్పు లోపలిదా బయటిదా అన్నది ముందు తేల్చుకో. లోపల ట్రాన్సిస్టరు షార్టయితే అది నిన్ను చూసి ఒకలా, మీ నాన్నగారిని చూసి ఒకలా ఉండదు. స్పీకర్లన్నీ తీసేసినా, స్టీరియో నుంచి పాట తెచ్చే ఆర్‌సీఏ వైర్లు పీకేసినా ఎర్రగానే వెలుగుతుంది. బయటిదైతే, పీకేసిన వాటిలో తప్పు ఉన్నది మళ్లీ కలిపినప్పుడు దొరుకుతుంది.

కాబట్టి ప్లస్, ఎర్త్, రిమోట్ వైరు (స్టీరియో వేయగానే ఆంప్‌ని ఆన్ చేసేది), ఈ మూడే ఉంచు. మిగతావన్నీ విప్పి ఆన్ చెయ్యి. తర్వాత ఒక్కొక్కటే కలుపు, ఒక్కోటి కలపాలన్నప్పుడల్లా ఆంప్ ఆపు. ఈ పని ఖాళీ సీటుతో చేస్తే దండగ. టెస్టింగు సామాను లిస్టులో మీటరు పక్కనే మీ నాన్నగారిని కూడా రాసుకో.

ఇంకో మాట. ఏప్రిల్ దాకా ఆయన కూర్చున్నా బాగానే ఉందన్నావు. ఏప్రిల్లో ఏం మారింది? ఆంప్ మారలేదు, వైర్లు మారలేదు. బాగా ఆలోచించు.

ఏలూరు రోడ్ బాస్:

డిక్కీలో సబ్‌కి రెండు కాయిల్సేమో మాస్టారూ? రెండు నాలుగు ఓమ్‌లవీ పక్కపక్కన కలిపితే రెండు ఓమ్‌లు అవుతుంది. బ్రిడ్జిలో ఆంప్ అంత తక్కువ తట్టుకోదు.

పటమట స్విఫ్ట్:

రెండు కాయిల్సే బాస్ అన్నా, కానీ వరుసలో కలిపారు. కొలిస్తే 7 ఓమ్‌ల దగ్గర చూపిస్తోంది. అది ఓకే.

మాస్టారూ, మీ మాట పట్టుకుని ఆదివారం పొద్దున అపార్ట్‌మెంట్ సెల్లారులో కూర్చున్నాం. నాన్న చేతిలో పేపరు. అన్నీ పీకేసి ఆన్ చేస్తే పచ్చ లైటే. ఆర్‌సీఏలు పెట్టా, పచ్చే. సబ్ కలిపా, పచ్చే. కుడి తలుపు స్పీకరు, పచ్చే. ఎడమది కలిపా, అదీ పచ్చే! ఇంక లాభం లేదనుకుంటుండగా నాన్న "కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయిరా" అని కింద లివరు లాగి సీటు వెనక్కి జరిపారు. టప్. ఎర్ర లైటు.

అప్పుడు వెలిగింది నాకు. ఏప్రిల్లో ఆయనకి మోకాలు వాచింది. అప్పటినుంచి కాళ్లు చాపుకోవడానికి సీటు చివరిదాకా వెనక్కి జరుపుతున్నారు. నేనేమో ఆయన దిగగానే, బట్టల కట్టలు వెనక పెట్టుకోవాలని దాన్ని మళ్లీ ముందుకి తోసేస్తా. వారంలో ఆరు రోజులు సీటు ముందే ఉంటుంది.

ఎడమ స్పీకరు రెండు వైర్లూ ఆంప్ నుంచి విప్పి, ప్లస్ వైరుకీ బాడీకీ మధ్య మీటరు పెట్టా. సీటు ముందుంటే మీటరు తెర మీద ఎడమ పక్కన ఒకటి అంకె చూపించి ఊరుకుంటుంది, అంటే తెగి ఉన్నట్టే. వెనక్కి జరిపితే 0.8 ఓమ్‌లు, అంటే వైరు బాడీకి తగులుతున్నట్టే. "నాన్నా, కొంచెం ఊగు" అన్నా. ఆయన పేపరు మడిచి నిజంగానే ఊగారు. మీటరు బీప్ బీప్ అంటోంది. పక్క ఫ్లాటు ఆవిడ స్కూటీ తీసుకోవడానికి వచ్చి, ఏమీ అడక్కుండా వెళ్లిపోయింది.

సీటు నాలుగు బోల్టులూ విప్పి వెనక్కి వాల్చి చూస్తే, సీటు జరిగే ఇనప పట్టా లోపలి అంచు కింద నుంచి వెళ్తోంది ఆ వైరు. బిగించినవాడు కార్పెట్టు కిందనుంచి తీయకుండా అడ్డదారిలో లాగాడు. సీటు లాకు పడే పంటికి సరిగ్గా ఎదురుగా వైరు తొడుగు నలిగి, వేలి గోరంత మేర ఊడిపోయింది. లోపలి పోగులు మూడు నాలుగు నల్లగా మాడి ఉన్నాయి. పట్టా మీద కూడా చిన్న నల్ల మచ్చ.

అరండల్‌పేట మాస్టారు:

అదీ సంగతి. నాలుగు ఓమ్‌ల స్పీకరు ఉండాల్సిన చోట ఆంప్‌కి దాదాపు సున్నా కనిపించింది. ఇన్నిసార్లు ఆగింది కాబట్టే బతికింది. ప్రొటెక్షన్ సరిగ్గా లేని చవక సరుకైతే మొదటి శనివారమే పొగ వచ్చేది.

ఆ వైరుకి టేపు చుట్టి సరిపెట్టకు. మొత్తం మార్చి, గుమ్మం పక్క ప్లాస్టిక్ పట్టీ కింద నుంచి లాగు. రేకు కన్నంలోంచి వెళ్లే చోట రబ్బరు వాషరు వెయ్యి. తర్వాత ఎడమ ఛానల్ దెబ్బ తిన్నదేమో చూసుకో. స్పీకరు విప్పి, పాట లేకుండా ఆంప్ ఆన్ చేసి, ఆ రెండు స్క్రూల మధ్య డీసీ వోల్టేజీ కొలువు. 50 మిల్లీవోల్టుల లోపైతే నిశ్చింత. వోల్టుల్లో వస్తే మాత్రం స్పీకరు కలపకు, కాయిల్ మాడిపోతుంది.

చివరిగా ఒకటి అడుగుతా. బ్యాటరీ దగ్గర ఫ్యూజు ఉందా?

పటమట స్విఫ్ట్:

వైరు మార్చేశా మాస్టారూ. ఎడమ ఛానల్ 11 మిల్లీవోల్టులు, కుడిది 9.

బ్యాటరీ దగ్గర చూశా. ఫ్యూజు లేదు. ఎర్ర వైరు నేరుగా ప్లస్‌కి తగిలించి, ఇంజను పక్కనుంచి రేకు కన్నంలోంచి లోపలికి తోశారు. రబ్బరు వాషరు కూడా లేదు. కొస కత్తితో గీకితే లోపల తెల్లగా ఉంది. రాగి అని డబ్బు తీసుకుని రాగిపూత అల్యూమినియం వేశారన్నమాట.

అరండల్‌పేట మాస్టారు:

ఆంప్ మీద ఉన్న ఫ్యూజు ఆంప్‌ని కాపాడుతుంది గానీ, బ్యాటరీ నుంచి సీటు దాకా ఉన్న పది పన్నెండు అడుగుల వైరుని కాపాడదు. ఆ రేకు కన్నం దగ్గర అది నలిగితే సీటు దగ్గరలాగా లైటు వెలిగి ఆగదు, బండి అంటుకుంటుంది. బ్యాటరీ నుంచి జానెడు దూరంలో ఫ్యూజు పెట్టించు, వీలైతే అసలు రాగి వైరే వేయించు. అప్పటిదాకా ఆ వైరు కొస బ్యాటరీ నుంచి విప్పి టేపు చుట్టి ఉంచు. పాటలు లేకపోతే ఏం, నాన్నగారితో మాట్లాడుకుంటూ వెళ్లు.

పటమట స్విఫ్ట్:

విప్పేశా. బుధవారం ఆటోనగర్‌లో ఎనిమిదో గేజి రాగి వైరు కొని, 50 ఆంపియర్ల ఫ్యూజు పెట్టించా. వేసేటప్పుడు పక్కనే నిలబడ్డా.

నిన్న శనివారం కాజ టోలు దాటి గుంటూరు దాకా ఒక్కసారి కూడా ఆగలేదు. నాన్న సీటు చివరిదాకా జరుపుకుని కూర్చున్నారు. మంగళగిరి దగ్గర "కొంచెం సౌండు తగ్గించరా" అన్నారు.