‘బుర్ర తుప్పు పట్టడం’: మెదడులో పేరుకునే ఇనుముకి ఈ మాట నప్పుతుందా?

ప్రశ్న (భీమవరం నుంచి): మా అత్తగారికి చేతులు వణుకుతుంటే చూపించాం, పార్కిన్సన్స్ అన్నారు. ఆ జబ్బులో మెదడులో ఐరన్ పేరుకుంటుందని ఎక్కడో చదివి మా మరిది “బుర్ర తుప్పు పడుతోందన్నమాట” అన్నాడు. అది విన్న దగ్గర్నుంచి ఆవిడ తోటకూర, మునగాకు ముట్టడం లేదు. ఆ మాట సరైనదేనా? ఇంకేదైనా తెలుగు మాట ఉందా?

జవాబు (అమలాపురం నుంచి): డాక్టరు వద్దంటే తప్ప, ముందు ఆవిడకి ఆకుకూర వండిపెట్టండమ్మా. మాట సంగతి తర్వాత చూద్దాం.

వాడకం లేక మొద్దుబారిన తెలివిని మనం ‘తుప్పు పట్టిన బుర్ర’ అంటాం. దాన్ని తెచ్చి జబ్బుకి తగిలిస్తే రోగి బుర్ర వాడలేదన్న నింద పడుతుంది. పాపం, ఆవిడ చేసిన తప్పేముంది? పైగా రసాయనశాస్త్రం కూడా తలకిందులైపోతుంది.

మన డెల్టాలో చాలాచోట్ల బోరు నీళ్ళు కొట్టగానే తేటగానే ఉంటాయి. బిందెలో పోసి సాయంత్రం చూస్తే అడుగున ఎర్రటి మడ్డి. నీటిలో కరిగి కనబడకుండా ఉన్న ఇనుము, గాలి తగిలి తుప్పుగా మారి కిందికి దిగుతుంది. కణంలో చిక్కంతా ఆ కరిగిన, కనబడని ఇనుముతోనే. అది హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో కలిస్తే హైడ్రాక్సిల్ రాడికల్స్ అనే మహా చురుకైన అణుశకలాలు పుట్టి కణం పొరల్లోని కొవ్వుల్నీ డీఎన్‌ఏనీ దెబ్బతీస్తాయి. అందుకే అప్పటికి అక్కర్లేని ఇనుముని కణం ఫెర్రిటిన్ అనే ప్రోటీన్ గుల్లలో దాస్తుంది. 24 ముక్కలతో కట్టిన ఆ గుల్లలో 4,500 దాకా ఇనుము పరమాణువులు పడతాయి. లోపల అవి ఏ రూపంలో ఉంటాయంటే, ఫెర్రిహైడ్రైట్ అనే ఖనిజంగా. అది తుప్పు జాతిదే! అంటే కణం లెక్కలో తుప్పు భద్రంగా దాచుకున్న నిల్వ.

ఎంత రానివ్వాలి, ఎంత దాచాలి అని చూసేవి ఐఆర్‌పీ అనే రెండు ప్రోటీన్లు. ధవళేశ్వరం నుంచి వచ్చే కాలువల మీద లస్కరు నీటిమట్టం చూసి తలుపులు ఎత్తి దించినట్టే ఉంటుంది వాటి పని. ఇనుము తగ్గితే ఫెర్రిటిన్ తయారీకి సూచనలు మోసే ఆర్‌ఎన్‌ఏ మీద కూర్చుని ఆ తయారీని ఆపేస్తాయి. ఇనుముని లోపలికి లాక్కునే ట్రాన్స్‌ఫెరిన్ రిసెప్టర్ ఆర్‌ఎన్‌ఏని మాత్రం చెడకుండా కాపాడతాయి. ఇనుము ఎక్కువైతే రెంటినీ వదిలేస్తాయి. కణంలోంచి బయటికి పోవడానికి ఇప్పటిదాకా తెలిసిన ప్రోటీన్ ద్వారం ఫెర్రోపోర్టిన్ ఒక్కటే.

ఈ అదుపు ఎంత ముఖ్యమో ఒక అరుదైన వంశపారంపర్య జబ్బు చూపించింది. 2001లో బయటపడిన న్యూరోఫెర్రిటినోపతీలో ఫెర్రిటిన్ జన్యువే లోపంతో ఉంటుంది. గుల్ల సరిగ్గా కుదరదు, మెదడు లోపలి భాగాల్లో ఇనుము పేరుకుంటుంది, కాళ్ళూ చేతులూ స్వాధీనం తప్పుతాయి. పార్కిన్సన్స్‌లో మెదడులోని సబ్‌స్టాన్షియా నైగ్రా అనే చోట ఇనుము పెరగడం కనిపిస్తుంది కానీ, అది జబ్బుకి కారణమా, ఫలితమా అన్నది ఇంకా తేలలేదు.

నా ఓటు ‘కట్టు తప్పిన ఇనుము’కి. పేరుకోవడం ఒక్కటే చెప్పాలంటే ‘ఇనుము పేరుకోవడం’ చాలు.

మరొకరు (రాజోలు): మా వైపు ‘చిలుము’ అంటాం మాస్టారూ, అది వాడితే?

జవాబు: చిలుము రాగికీ ఇత్తడికీ పట్టే పచ్చనిది కదండీ. రాగి పేరుకునే విల్సన్ జబ్బు వేరే ఉంది, రెండూ కలిసిపోతాయి.

ప్రశ్న వేసినావిడ: మరి ఆ ఇనుముని మందుతో తీసేస్తే సరిపోదాండీ?

జవాబు: అదీ చూశారమ్మా. ఇనుముని పట్టి బయటికి పంపే డెఫెరిప్రోన్ మందుని, అప్పుడే పార్కిన్సన్స్ బయటపడి ఇంకా చికిత్స మొదలుపెట్టనివాళ్ళకి 36 వారాలు ఇచ్చారు. 2022లో ఫలితాలు వచ్చాయి. మెదడులో ఇనుము తగ్గింది, కానీ జబ్బు లక్షణాలు ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళలో కన్నా ఎక్కువగా ముదిరాయి. పార్కిన్సన్స్‌లో తగ్గిపోయే మెదడు రసాయనం డోపమైన్. దాన్ని తయారుచేసే ఎంజైముకి ఇనుము కావాలి. ఉన్నది కూడా లాగేస్తే ఆ పని కుంటుపడి ఉండొచ్చని ఒక వివరణ.

మీ అత్తగారికి పార్కిన్సన్స్ మందు లెవోడోపా ఇచ్చి, రక్తం తక్కువని ఐరన్ మాత్ర కూడా రాసి ఉంటే, రెండూ ఒకేసారి వేయకండి. ఇనుము ఆ మందుని ఒంటికి పూర్తిగా పట్టనివ్వదు. మధ్యలో ఎన్ని గంటలు ఎడం ఉండాలో రేపే డాక్టరుని అడగండి.