సెఫ్ట్రియాక్సోన్ పడ్డాక డీఏటీ పాజిటివ్, ఎల్యూయేట్ నెగటివ్. ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న: నేను బ్లడ్ బ్యాంక్ టెక్నీషియన్‌ని. సెఫ్ట్రియాక్సోన్ (ఒక యాంటీబయాటిక్) మీదున్న పేషెంటుకి హిమోగ్లోబిన్ రెండు రోజుల్లో 11 నుంచి 6కి పడిపోయింది. మూత్రం కోలా రంగులో ఉంది. డీఏటీలో (ఎర్రకణాలకు యాంటీబాడీ గానీ, కాంప్లిమెంట్ అనే రక్తంలోని రక్షణ ప్రొటీన్ గానీ అంటుకుందా అని చూసే టెస్టు) సీ3డీ (కాంప్లిమెంట్ ముక్క) గట్టిగా పాజిటివ్, ఐజీజీ (యాంటీబాడీ) బలహీనం. ఎల్యూయేట్ (పేషెంటు కణాల మీంచి విడదీసిన యాంటీబాడీ ద్రావణం) మాత్రం ప్యానెల్ సెల్స్‌లో (టెస్టుకి వాడే రకరకాల ఎర్రకణాలు) దేనితోనూ రియాక్ట్ కాలేదు. టెస్టులు ఇక్కడితో ఆపేయొచ్చా? టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఆపకండి మేడమ్. ఈ రిజల్టే మందును అనుమానించమంటోంది, ఎందుకంటే ప్యానెల్ ట్యూబుల్లో మందు లేదు. ముందు డాక్టరుగారికి ఫోన్ చేయండి, తర్వాతి డోసు పడకూడదు. మన టెస్టు అయ్యేదాకా ఆగితే ప్రాణాల మీదికి రావచ్చు. ఈ మందుతో, ముఖ్యంగా పిల్లల్లో, డోసు పడిన నిమిషాల్లోనే రక్తకణాలు పగిలిన కేసులున్నాయి.

ఇక మందు వల్లేనా అని తేల్చే టెస్టు. సెఫ్ట్రియాక్సోన్‌ని మిల్లీలీటరుకి 1 మిల్లీగ్రాము చొప్పున బఫర్డ్ సెలైన్‌లో కలపండి. పేషెంటు సీరం, ఈ ద్రావణం, 'O' గ్రూపు ఎర్రకణాలు ఒకే ట్యూబులో వేసి 37 డిగ్రీల దగ్గర గంట, రెండు గంటలు ఉంచండి. స్పిన్ చేశాక ట్యూబును కదపకముందే పైనున్న ద్రవాన్ని వెలుతురుకి పట్టి చూడండి. గులాబీ రంగు తిరిగితే అదే హిమోలిసిస్ (రక్తకణాలు పగలడం). తర్వాతే అగ్లుటినేషన్ (కణాలు గుంపుగా అతుక్కోవడం) చూసి, కడిగి, కూంబ్స్ రియేజెంట్ (కణాలకు అంటుకున్న యాంటీబాడీని పట్టే ద్రవం) వేయాలి. ఈడీటీఏ (రక్తం గడ్డకట్టకుండా వేసే రసాయనం) ప్లాస్మా వద్దు, అందులో కాంప్లిమెంట్ పనిచేయదు. తాజా నార్మల్ సీరం కొంచెం కలిపితే ఇంకా మంచిది.

కంట్రోల్స్ లేకపోతే ఈ టెస్టుకి విలువే లేదు: మందు బదులు సెలైన్ వేసిన పేషెంటు సీరం ఒకటి, మందు వేసిన నార్మల్ సీరం ఒకటి. పెన్సిలిన్‌కి అయితే మందు పూసిన సెల్స్ కావాలి, ఆ పద్ధతి వేరు.

ప్రశ్న: మందు ఆపేశారు సార్. మందు ట్యూబు 3+ (గట్టి పాజిటివ్), నార్మల్ సీరం నెగటివ్. కానీ పేషెంటు సీరంతో సెలైన్ ట్యూబు కూడా 1+ (బలహీన పాజిటివ్) వచ్చింది!

జవాబు: ఆ శాంపిల్‌లో మందు ఇంకా మిగిలి ఉండొచ్చు. ఆటోయాంటీబాడీ (సొంత కణాల మీదే పనిచేసే యాంటీబాడీ) అయినా కావచ్చు. రెండు మూడు రోజులాగి కొత్త శాంపిల్‌తో మళ్లీ పెట్టండి. అప్పుడు సెలైన్ ట్యూబు నెగటివ్ వచ్చి మందు ట్యూబు పాజిటివ్‌గానే ఉంటే రిపోర్టు ధైర్యంగా ఇవ్వొచ్చు. డిశ్చార్జ్ కాగితం మీద మందు పేరు పెద్ద అక్షరాలతో రాయించండి, ఇంటివాళ్లకీ చెప్పించండి.