వార్ డిపార్ట్‌మెంట్ 3 సెంట్ల స్టాంపు: గట్టి కాగితమా, మెత్తటిదా?

నమస్కారం. 1873లో అమెరికాలో అధికారిక ఉత్తరాలకున్న ఉచిత తపాలా సౌకర్యం తీసేశాక, ప్రభుత్వ శాఖలకు వేరువేరు రంగుల్లో ఇచ్చిన స్టాంపులను రెండేళ్లుగా సేకరిస్తున్నాను. వ్యవసాయ శాఖది పసుపు, నౌకా శాఖది నీలం, యుద్ధ శాఖది గులాబీ. తపాలా శాఖ మాత్రం తన స్టాంపుల మీద ఏ నాయకుడి బొమ్మా వేసుకోకుండా అంకెతో సరిపెట్టుకుంది. ఆ నిరాడంబరత నాకు ముచ్చటగా ఉంటుంది.

మొన్న పాత కవర్ల కట్టలో వాషింగ్టన్ బొమ్మ ఉన్న వార్ డిపార్ట్‌మెంట్ 3 సెంట్లవి నాలుగు దొరికాయి. కాంటినెంటల్ కంపెనీ ముద్రించిన గట్టి కాగితానివా, 1879 తర్వాత అమెరికన్ కంపెనీ వాడిన మెత్తటి కాగితానివా అన్నదే తేలడం లేదు. వెలుతురుకు పట్టి చూస్తే రెండింటిలో నేత కొంచెం ముతకగా, చుక్కలు చుక్కలుగా కనిపిస్తోంది; అంటే మెత్తటివేమో. వేలితో మెల్లగా మీటితే మూడోది టక్కుమంటుంది; అది గట్టిదేమో. నాలుగోదాని వెనుక ఆల్బమ్‌లో అంటించడానికి వాడిన పాత అతుకు కాగితం ఉండటంతో ఏమీ తెలియడం లేదు.

నీళ్లలో నానబెట్టకుండా తేల్చే దారి ఏదైనా ఉందా? రంగు ఛాయను బట్టి చెప్పవచ్చా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.