నరికిన సరుగుడు కొమ్మ బదులు క్రిస్మస్‌కి ఏం పెట్టొచ్చు?

అందరికీ వందనాలు. మాది ఒడిశా గజపతి జిల్లా, పర్లాకిమిడి. ఏటా డిసెంబరులో నాన్నగారు సరుగుడు తల నరికించి తెచ్చి, ఇసుక బకెట్లో నిలబెట్టి, పైన నక్షత్రం కట్టేవారు. వారం తిరక్కుండానే ఆకు రాలి గచ్చంతా నిండిపోయేది. నిరుడు మా పాప "పండక్కి చెట్టుని ఎందుకు చంపాలి?" అంది. ఆ మాట నన్ను వదలటం లేదు.

ప్లాస్టిక్ చెట్టు వద్దు, పీవీసీ మట్టిలో కలవదు. నర్సరీలో అరకేరియా అనే, క్రిస్మస్ చెట్టులా ఉండే మొక్క చూశాను, కుండీలోనే పెరుగుతుంది. కానీ పసిఫిక్‌లోని నార్‌ఫోక్ దీవి మొక్క, మా మే నెల ఎండలకి నీడలో పెట్టినా తట్టుకుంటుందా? పెంచినవాళ్లుంటే కుండీ ఎంతది, నీళ్లు ఎన్నాళ్లకోసారి పోస్తున్నారో చెప్పండి.

లేదంటే వెదురు బద్దలతో చెట్టు ఆకారం కట్టి, మామిడాకులు, బంతిపూలు గుచ్చాలని ఉంది. నా మనసు దీనిమీదే ఎక్కువ. మేదరివాళ్లతో ఎవరైనా చేయించారా? అయిదడుగుల ఎత్తుంటే పడిపోకుండా అడుగున ఏం పెట్టారు?