జామాయిల్ తోట: పాత మోళ్లు ఉంచాలా, కొత్త క్లోన్ వేయాలా?

ప్రశ్న:
మాది అశ్వారావుపేట ప్రాంతం. ఎర్ర చెల్కలో ఆరెకరాల జామాయిల్ (యూకలిప్టస్) ఉంది. మూడో కోతలో కర్ర బరువు మొదటి కోత కంటే బాగా తగ్గింది. మోళ్లు తీయించి 413, 526 నంబర్ల క్లోన్లు (గింజతో కాక, ఏరిన మేలైన చెట్టు పిలకల ముక్కలతో పెంచిన మొక్కలు) వేయమని నర్సరీవారు అంటున్నారు. పెట్టిన ఖర్చు తిరిగి వస్తుందా? క్లోన్ల దిగుబడి గురించి చెప్పే పరిశోధన లెక్కలు వర్షాధారపు చేలకు వర్తిస్తాయా?

సమాధానం 1:
వర్తిస్తాయి. భద్రాచలం కాగితపు మిల్లు 1980ల చివర్లో క్లోన్లు తయారుచేసే పని చేపట్టినప్పుడు, గింజ మొక్కల తోటల్లో నిటారుగా, తెగులు లేకుండా, వేగంగా పెరిగిన చెట్లను ఏరి నరికి, మోడు మీద వచ్చిన లేత పిలకలను ముక్కలుగా కత్తిరించి, హార్మోన్ పొడి అద్ది, సన్నటి నీటి తుంపరతో తేమగా ఉంచే మిస్ట్ చాంబర్లలో వేర్లు పట్టించారు. గింజ తోటలు హెక్టారుకు ఏటా 6 నుంచి 10 ఘనపు మీటర్ల కర్ర ఇచ్చేచోట మేలైన క్లోన్లు వర్షాధారంగానే 20 నుంచి 25 వరకు ఇచ్చాయి. అయితే ఒక నేలలో ముందున్న క్లోన్ మరో నేలలో వెనకబడవచ్చు. కాబట్టి నర్సరీ మాట కంటే మీ పక్క చెల్కలో కోతకు వచ్చిన తోటే నమ్మదగిన సాక్ష్యం.

సమాధానం 2:
అసలు ఇప్పుడున్నది గింజ తోటా, క్లోన్ తోటా?

ప్రశ్నించినవారు:
క్లోన్ తోటేనండి. మూడు మీటర్లకు రెండు మీటర్ల ఎడంతో వేశాము.

సమాధానం 2:
అలాగైతే పై లెక్కలోని తేడా మీకు మళ్లీ రాదు. గింజ నుంచి క్లోన్‌కు మారినప్పటి లాభం మీరు మొదటి కోతలోనే పొందారు. ఆ ఎడానికి ఎకరాకు దాదాపు 670 మొక్కలు పడతాయి. ముందు ఒక ఎకరంలో బతికున్న మోళ్లు లెక్కపెట్టండి. ప్రతి కోతకూ కొన్ని చచ్చిపోతాయి, నరికేటప్పుడు బెరడు చీలితే ఇంకా ఎక్కువ పోతాయి. మూడింట ఒక వంతు పోయి ఉంటే తిరిగి నాటడమే మేలని నా అభిప్రాయం. ఖాళీల్లో కొత్త మొక్క పెడితే పాత పిలకల నీడలో ఎదగదు. మోళ్లు బాగుంటే, ఒక్కో మోడుకు బలమైన రెండు పిలకలు ఉంచి మిగతావి తీసేయండి.

సమాధానం 3:
నాటితే మాత్రం ఆరెకరాలూ ఒకే నంబరు క్లోన్‌తో నింపవద్దు. ఆకు ఈనెల మీద, తొడిమల మీద బుడిపెలు పుట్టించే గాల్ కందిరీగ కొన్ని క్లోన్లనే గట్టిగా పడుతుంది. నర్సరీలో మొక్క తీసుకునేటప్పుడు చిగురాకు తిప్పి చూడండి. బుడిపె కనిపిస్తే ఆ మడి మొక్కలేవీ తీసుకోవద్దు.